కవ్వం చప్పుడు మారేదాకా

కింది వాటాలో ఎవరో వెన్న కాస్తున్నారు. విశాఖ ఎంవీపీ కాలనీలో సాయంత్రం పూట చేపల పులుసు వాసనో, పోపు వాసనో పైకి రావడం మామూలే. ఇవాళ మునగాకు వేసిన నెయ్యి వాసన. ఒక్క నిమిషం ముందు దింపాల్సింది, అడుగు మాడబోతోందని ఆ వాసనే చెబుతోంది.

ఆ వాసన ముక్కుకి తగిలాక ఇక చోడవరం అవతల, మాడుగుల కొండల వైపు ఉన్న ఊరే కళ్ళ ముందుకొచ్చింది. 2022లో జిల్లాలు విడదీశాక అది అనకాపల్లి జిల్లాలోకి పోయింది గానీ, ఆ రోజుల్లో అంతా విశాఖపట్నం జిల్లాయే. చుట్టూ చెరుకు తోటలు, ఇంటి వెనక పశువుల సాల, సాలకీ వంటింటికీ మధ్య ఒక వసారా. వెన్న పనంతా ఆ వసారాలోనే.

వెన్న తియ్యడం అనగానే అందరికీ కవ్వమే గుర్తొస్తుంది. అసలు కవ్వం దగ్గరికొచ్చేసరికే పని సగం పైన అయిపోయి ఉంటుంది. ముందు రోజు పాలు ఏ సెగన కాగాయి, ఎంత వేడి మీద తోడు పడ్డాయి అన్నదాన్ని బట్టే మర్నాడు వెన్న పడుతుందా, రెక్కల నొప్పులే మిగులుతాయా అన్నది తేలిపోతుంది. థర్మామీటరు ముఖం ఎరగని ఆ ఇంట్లో ఈ లెక్కలన్నీ మామ్మ చేతివేళ్ళే చూసుకునేవి.

దాలి

వసారాలో ఓ మూల నేలలో జానెడున్నర లోతు గుంట. అడుగున ఊక, దాని మీద పిడకలు, సందుల్లో మళ్ళీ ఊక. పొయ్యిలోంచి నాలుగు నిప్పులు తెచ్చి మధ్యలో వేస్తే కాసేపు పొగ లేచి, మంట వచ్చి, తర్వాత ఎర్రటి కణకణ మాత్రం మిగులుతుంది. అప్పుడే పాలదాక పెట్టాలి. మంట ఉండగా పెడితే అడుగంటుతుంది, పొగ ఉండగా పెడితే పాలు పొగచూరిపోతాయి. పాలల్లో పట్టిన పొగ వాసన పెరుగులోనూ పోదు, వెన్నలోనూ పోదు, చివరికి నేతిలో కూడా కనిపెట్టేయొచ్చు. వానాకాలంలో పిడకలు సరిగా ఎండనప్పుడు ఈ తంటా ఎక్కువ. అందుకే ఏడాదికి సరిపడా పిడకలు ఎండాకాలంలోనే కొట్టి, గూడు పేర్చి, మీద తాటాకు కప్పేవాళ్ళు.

పొద్దున్న పితికిన పాలు దాలి మీదకెక్కితే మధ్యాహ్నం భోజనాలు అయ్యాక కూడా దిగవు. పొంగవు. ఉడుకు కూడా కనిపించదు. అంచుల దగ్గర చిన్న వణుకు, అంతే. అలా నాలుగైదు గంటలు కాగితే పాలు లేత ఎరుపు తిరిగి, మీద మీగడ దళసరిగా కడుతుంది. మధ్యలో కలపకూడదు. కలిపితే కట్టిన మీగడ చెదిరి, పైకి తేలాల్సిన కొవ్వు మళ్ళీ పాలల్లో కలిసిపోతుంది. మూత పూర్తిగా మూసెయ్యకూడదు, అలాగని తీసి ఉంచితే బూడిద పడుతుంది. వారగా పెట్టి ఒక రాయి ఆనించేవారు.

ఈనిన గేదె పాలు మొదటి నాలుగైదు రోజులు ఈ దాకలో పొయ్యరు. కాస్తే విరిగి ముద్దకడతాయి కాబట్టి అవి జున్నుకే.

సాయంత్రం పాలు కట్టెల పొయ్యి మీద మామూలుగా కాచి, ఆరబెట్టి, పొద్దుటి దాలి పాలతో కలిపి ఒకే కుండలో తోడు పెట్టేవారు. రెండూ ఒకే వేడికి వచ్చాకే కలపాలి. చిటికెన వేలు ముంచి ఉంచితే చురుక్కుమనకూడదు, చల్లగానూ అనిపించకూడదు. వేసవిలో రెండు లీటర్లకి ఒక చెంచా తోడు చాలు. పుష్య మాసంలో అయితే అంతకు రెట్టింపు వేసి, కుండ చుట్టూ గోనెసంచి చుట్టి దాలి పక్కన పెట్టాలి. వేడి పాలల్లో తోడు వేస్తే పెరుగు విరిగినట్టై నీరు తేలుతుంది. మరీ చల్లారాక వేస్తే తెల్లారేసరికి కూడా పాలు పాలలాగే ఉంటాయి, సగం తోడుకున్న ఆ పెరుగును ఎంత చిలికినా వెన్న తిన్నగా పడదు. ఎండాకాలంలో తోడు రాత్రి భోజనాలయ్యాక, పడుకోబోయే ముందు వేసేవారు. ముందే వేస్తే తెల్లవారేసరికి పులిసిపోయి, వెన్నకి ఆ పులుపు వాసన అంటుకుంటుంది.

ఒక్కోసారి పెరుగు తీగ సాగుతుంది. తోడు చెడిందని అర్థం. ఆ తోడు మొత్తం పారబోసి, కుండని వేడినీళ్ళతో కడిగి, పక్కింటి నుంచి కొత్త తోడు తెచ్చుకోవాలి. దీపాలు పెట్టాక పాలు, పెరుగు, చల్ల ఎవరూ గుమ్మం దాటించరు కాబట్టి ఈ సంగతి సాయంత్రం లోపే చూసుకోవాలి.

గుంజ, తాడు, కుండ

వసారా గుంజకి నడుమెత్తున ఒక తాటి కట్టు, కింద జానెడెత్తున ఇంకో కట్టు. ఈ రెండు కట్ల మధ్య కవ్వం నిలువుగా నిలబడాలి. కట్లు బిగిస్తే కవ్వం తిరగదు, వదులైతే కుండ అంచుకి కొట్టుకుంటుంది. వేలు దూరేంత సందు ఉంచాలి. కవ్వం తల గుండ్రంగా, నిలువు చీలికలతో ఉంటుంది. ఆ చీలికలు అరిగి నున్నబడితే కవ్వం తిరగడమే గానీ పెరుగు విరగదు. వడ్రంగికి ఇచ్చి మళ్ళీ చెక్కించాల్సిందే. కర్రకి తనదంటూ వాసన గానీ చేదు గానీ ఉండకూడదు, అందుకే వేపకర్రతో కవ్వం చెయ్యరు.

తాడు గోగునారది. మన వైపు గోగు పంట బాగా ఉండేది కాబట్టి నారకి కొదవ లేదు, ఇంట్లోనే పేనేవారు. కవ్వం నడుముకి మూడు చుట్లు. రెండైతే జారుతుంది, నాలుగైతే పట్టేస్తుంది. పొడి తాడు కంటే తడి తాడు పట్టు బాగుంటుందని మొదలుపెట్టే ముందు నీళ్ళు చల్లేవారు. కుడి చేత్తో లాగేటప్పుడు ఎడమ చెయ్యి వదులివ్వాలి గానీ తాడు వదిలెయ్యకూడదు. కొత్తగా పట్టుకున్నవాళ్ళు అందరూ ఇక్కడే తప్పుతారు: రెండు చేతులా లాగుతారు, కవ్వం ఎగురుతుంది, చల్ల చొక్కా మీద పడుతుంది.

కుండ గడ్డితో పేనిన కుదురు మీద కూచుంటుంది. సగం దాటి మరికాస్త వరకే పెరుగు పొయ్యాలి. నీళ్ళు పోసి చిలికాక నురగ లేస్తుంది, దానికి చోటుండాలి. కవ్వం తలకీ కుండ అడుక్కీ మధ్య రెండు వేళ్ళ ఎడం తప్పనిసరి. తగిలితే మొదట ఇసుక రాలినట్టు చప్పుడొస్తుంది, అప్పుడు ఆపకపోతే కుండ పోయినట్టే.

ఈ కుండని రోజూ కొబ్బరిపీచు, బూడిదతో తోమి, మరిగే నీళ్ళు పోసి తిప్పి, ఎండలో బోర్లించేవారు. సాయంత్రం దాలి పొగ మీద కాసేపు పట్టేవారు. మట్టి కుండ ఒంటినిండా సన్నని రంధ్రాలు, వాటిల్లో పాత పులుపు దాక్కుంటుంది. ఎంత కడిగినా కుండ పుల్ల కంపు కొడుతోందంటే, గడ్డి మంటలో ఓసారి కాల్చి చల్లార్చి వాడేవారు. అప్పటికీ పోకపోతే ఆ కుండ పశువుల కుడితికి.

చిలకడం కోడి కూసే వేళకి మొదలు. ఇందులో భక్తీ ఆచారం కంటే చల్లదనమే అసలు కారణం. పెరుగు 20 డిగ్రీల దగ్గర, కాస్త అటూ ఇటూగా ఉంటే వెన్న బాగా పడుతుంది. మన విశాఖ సీమలో ఎండాకాలం ఆ చల్లదనం దొరికేది ఆ ఒక్క వేళే, అదీ పూర్తిగా కాదు. సముద్రానికి దగ్గరగా, భీమిలి వైపు ఉన్న ఇళ్ళల్లో ఇంకా ఇబ్బంది. గాలిలో తేమ ఎక్కువైతే మట్టికుండ చెమర్చడమే గానీ చల్లబడదు. కొండల దిగువకి వచ్చేకొద్దీ రాత్రి గాలి పొడిగా ఉండి, తడి ఇసుకలో పెట్టిన కుండ బాగానే చల్లబడేది.

మొదట నీళ్ళు పొయ్యకుండా, పెరుగు విరిగేదాకా నెమ్మదిగా తిప్పాలి. గుబగుబమని బరువైన చప్పుడు. తర్వాత పెరుగులో నాలుగో వంతు నుంచి సగం దాకా నీళ్ళు. వేసవిలో కొత్తకుండ నీళ్ళు, చలికాలంలో గోరువెచ్చనివి. ఆ తర్వాత వేగం. నురగ లేచేకొద్దీ చప్పుడు మందగిస్తుంది, కవ్వం బరువెక్కుతుంది. అరగంట నుంచి ముప్పావు గంటలో, అన్నీ సవ్యంగా ఉంటే, నురగ ఒక్కసారిగా దిగిపోయి మళ్ళీ చలక్ చలక్‌మని పల్చటి నీటి చప్పుడు వస్తుంది. వంటింట్లో పొయ్యి రాజేస్తూనే మామ్మ అక్కడి నుంచి కేకేసేది: "ఎన్న పడీసిందే, నీలు సల్లు!" కుండలోకి చూడాల్సిన పని ఆవిడకి లేదు.

కవ్వం ఎత్తి చూస్తే చీలికలకి ఆవగింజంత తెల్లటి పలుకులు అంటుకుని ఉంటాయి. అప్పుడు రెండు దోసిళ్ళ చల్లటి నీళ్ళు అంచుల చుట్టూ చల్లి, వేగం తగ్గించి, ఇంకో అయిదు నిమిషాలు తిప్పితే పలుకులు మిరియపు గింజలంతై మీదికి చేరతాయి. అక్కడ ఆపెయ్యాలి. పెద్ద ముద్ద కట్టేదాకా చిలికితే వెన్న తన కడుపులో చల్లను పట్టుకుని కూచుంటుంది, అది ఎన్నిసార్లు కడిగినా పోదు.

వెన్న పడని రోజు

"ఏటి, ఇంకా పడనేదా? సెయ్యి ముంచి సూడు, ఎచ్చగుందో సల్లగుందో," అనేది మామ్మ.

ముందు చూడాల్సింది అదే. వేడెక్కిన పెరుగులో కొవ్వు మెత్తబడి పలుకు కట్టదు. మీద జిడ్డులా తేలుతుంది, చేతికి అంటుతుంది గానీ ముద్దకి రాదు, సగం కొవ్వు చల్లలోనే ఉండిపోతుంది. అప్పుడు చల్లనీళ్ళు కొంచెం కొంచెంగా పోసి, కుండని నీళ్ళ తొట్టిలో పెట్టి, పావుగంట ఆగి మళ్ళీ మొదలుపెట్టాలి. కోపంతో ఇంకా గట్టిగా చిలికితే ఆ రాపిడికి ఇంకా వేడెక్కుతుంది. చల్లదనం ఎక్కువైతే వ్యవహారం ఇంకోలా ఉంటుంది: నురగ లేస్తూనే ఉంటుంది, దిగదు, కొవ్వు పలుకులు గట్టిపడి ఒకదానికొకటి అంటుకోవు. దానికి మందు గోరువెచ్చని నీళ్ళు, అవీ అంచు వెంట పొయ్యాలి. కాగిన నీళ్ళు మధ్యలో కుమ్మరిస్తే అక్కడికక్కడ కరిగిపోయి రెండిందాలా చెడుతుంది.

వేడి సరిగ్గానే ఉండి, తోడూ బాగానే ఉండి, అయినా వెన్న పడటం లేదంటే సాలలోకి చూడాలి. చూడిగేదె వట్టిపోవడానికి దగ్గరపడ్డప్పుడు పాలు ఉప్పగా మారతాయి, అందులో కొవ్వు బిందువులు చిన్నవైపోతాయి, ఒక పట్టాన కలవవు. ఇలాంటి పాలని విడిగా చిలకకుండా, ఈమధ్యనే ఈనిన గేదె పాలతో కలిపేస్తే ఇబ్బంది తీరుతుంది. ఊళ్ళో కొందరు దీన్ని దిష్టి అనేవారు. కుండ చుట్టూ ఉప్పూ మిరపకాయలూ తిప్పేవారు. ఆ తిప్పుడు అయ్యేలోపు కుండ కాస్త చల్లబడి వెన్న పడితే దిష్టి పోయిందనుకునేవారు. మామ్మ కూడా తిప్పేది, తిప్పాక చల్లనీళ్ళు కూడా పోసేది.

మేతని బట్టీ వెన్న మారుతుంది. పత్తిగింజలు రుబ్బి పెట్టిన రోజుల్లో వెన్న గట్టిగా, వేసవిలోనూ ముద్ద నిలబడేలా వచ్చేది. తెలకపిండి మోతాదు మించితే మెత్తబడి జారిపోయేది. గానుగలాడే కాలంలో చెరుకు మొవ్వు దండిగా ఉండేది, పశువులు ఇష్టంగా తినేవి, కానీ ఒక్కదాంతోనే కడుపు నింపితే పాలు చిక్కనయ్యేవి కావు, పక్కన తవుడూ చెక్కా పడాల్సిందే. ఆవు వెన్న పసుపు, గేదె వెన్న తెలుపు. పచ్చగడ్డిలోని పసుపు పదార్థాన్ని ఆవు అలాగే పాలల్లోకి పంపేస్తుంది, గేదె దాన్ని విటమిన్ ఏగా మార్చేసుకుంటుంది. తెల్లగా ఉందని గేదె వెన్నని తక్కువ చెయ్యక్కర్లేదు. లాభం లెక్క చూస్తే అదే ముందు: 7 శాతం కొవ్వున్న 6 లీటర్ల గేదె పాలకి 400 గ్రాములకు పైన వెన్న దిగుతుంది. 4 శాతం దాటని ఆవు పాలకి అందులో సగం కొంచెం పైన.

వెన్న ఎత్తే ముందు చేతులు చల్లనీళ్ళలో ముంచాలి. పొడిచేతికి వెన్న అంటుకుంటుంది, వేడిచేతికి కరుగుతుంది. ఎత్తిన వెన్నని చల్లనీళ్ళ గిన్నెలో వేసి అరచేత్తో తట్టి, మడిచి, మళ్ళీ తట్టి లోపలి చల్ల బయటికి రప్పించాలి. నీళ్ళు మార్చి మూడోసారి కడిగేసరికి తేటగా ఉండాలి. నెయ్యి కాచే వెన్నకి ఇదంతా. పిల్లల చేతుల్లో పెట్టే ముద్ద మాత్రం ఒక్కసారి కడిగితే చాలు. కాస్త చల్ల మిగిలితేనే దానికి రుచి, మూడుసార్లు కడిగిన వెన్నకి జిడ్డు తప్ప ఇంకేం ఉండదు.

రోజువారీ ముద్దలు ఉట్టి మీద జాడీలో చేరేవి, పల్చటి చల్లలో మునిగేలా. గాలి తగిలిన వెన్న పైనుంచి పసుపు తిరిగి కనరెక్కుతుంది, అందుకే మునిగి ఉండాలి. ఆ చల్ల రోజూ మార్చాలి. వేసవిలో నాలుగు రోజులు, చలికాలంలో వారం, అంతకు మించి దాచరు.

కాచే రోజు

కళాయి పోసిన ఇత్తడి గిన్నె. కళాయి లేచిపోయిన చోట వెన్నలోని పులుపు తగిలితే చిలుము పడుతుంది, నెయ్యి చేదెక్కుతుంది. కళాయి వేసేవాడు ఊళ్ళోకి వచ్చినప్పుడు ముందుగా బయటికొచ్చేది ఆ గిన్నే. వెన్న సగానికి మించి వెయ్యకూడదు, పొంగుతుంది.

మొదట సెగ ఎక్కువ. వెన్న కరిగి, తెల్లటి నురగ లేచి, చిటపటలు మొదలవుతాయి. అది నీరు ఎగిరే చప్పుడు. చిటపట తగ్గేసరికి కట్టెలు వెనక్కి లాగాలి. నెయ్యి తేటబడి, అడుగున తెల్లగా ఉన్నది మెల్లగా రంగు తిరుగుతుంది. మునగాకు గానీ తమలపాకు గానీ వేసేది అప్పుడే. ముందే వేస్తే నీళ్ళల్లో ఉడికి పసరు వాసనొస్తుంది. ఆకు పెళుసెక్కి గరిటెకి తగిలితే గలగలమనాలి. ఆ తర్వాత రెండోసారి సన్నటి నురగ కడుతుంది. అదే చివరి కబురు. అడుగు వేగిన నువ్వుల రంగుకి రాకముందే దించెయ్యాలి, ఎందుకంటే దింపాక కూడా గిన్నె వేడికి ఇంకాస్త వేగుతుంది. పొయ్యి మీదే ఆ రంగు చూద్దామనుకుంటే మాడిందే చూస్తారు. కింది వాటావాళ్ళది అదే పొరపాటు.

కిలో వెన్నకి 750 నుంచి 800 గ్రాముల నెయ్యి. తక్కువొస్తే వెన్న సరిగా పిండలేదని, నీళ్ళెక్కువున్నాయని అర్థం. వేడి కాస్త తగ్గాక పల్చటి బట్టలో వడగట్టి, తడిలేని జాడీలో పోసి, పొయ్యి గట్టు మీదే వదిలేసేవారు. నెమ్మదిగా ఆరితేనే పూసకడుతుంది. తొందరపడి చల్లటి చోట పెడితే నున్నగా పేరుకుంటుంది. రుచిలో తేడా ఉండదు గానీ, పూస లేని నెయ్యి కొనేవాళ్ళు అనుమానంగా చూసేవారు. డాల్డా కలిపారేమోనని. పూస ఉన్నంత మాత్రాన కల్తీ లేనట్టు కాదని వాళ్ళకెవరు చెబుతారు?

అడుగున మిగిలిన గోకుడు పిల్లలది. వేడి గిన్నెలో గుప్పెడు అన్నం, చిటికెడు ఉప్పు వేసి కలిపితే ఒక రుచి. అనకాపల్లి బెల్లం పొడి చేసి కలిపితే ఇంకో రుచి. వెన్న ఎంత బాగా కడిగితే గోకుడు అంత తగ్గుతుంది, అందుకే ఆ కడుగుడు విషయంలో పిల్లలెవరూ మామ్మ పక్షం కాదు.

ముంతలు

వెన్న తీశాక చల్లకి వెల లేదు. అమ్మడం నామోషీ. తెల్లారేసరికి వీధివాళ్ళు ముంతలతో, చెంబులతో వచ్చేవారు. చల్లకొచ్చి ముంత దాచేవాళ్ళు కాదు, ముంతలు ముందే వరసగా పెట్టేసి అరుగు మీద కబుర్లలో పడేవాళ్ళు. ఎవరి ముంత అరుగు మీద, ఎవరిది కింద అన్న లెక్క కూడా ఉండేది. తలుచుకుంటే అది మాత్రం బాగోదు. పొలం వెళ్ళేవాళ్ళు చోడంబలిలో, అంటే రాగి అంబలిలో, ఆ చల్ల కలుపుకుని, ఉల్లిపాయ నంజుకుని తాగేవారు. కడిగిన నీళ్ళు కుడితి గోలెంలోకి.

తర్వాత ఊళ్ళోకి పాలకేంద్రం వచ్చింది. చిన్న గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల ఆమ్లం, దానిమీద 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు ఇంకో ద్రావకం పోసి గిరగిరా తిప్పితే మీదికి తేలిన కొవ్వు గీతల మీద కనిపించేది. మామ్మ ముప్పావుగంట చిలికి తెలుసుకునేది ఆ గొట్టం అయిదు నిమిషాల్లో చెప్పేసేది. ఆ అంకెకే డబ్బులు. పాలు తెల్లవారకముందే వెళ్ళిపోతుంటే ఇంట్లో దాలి ఎందుకు, కుండ ఎందుకు? నష్టం అనబుద్ధి కాదు. ఆడవాళ్ళ చేతికి పాలడబ్బు వచ్చింది, రెక్కల నొప్పులు పోయాయి. ముంతలు పట్టుకొచ్చినవాళ్ళకే ఆ పూట చల్ల లేకుండా పోయింది.

ఇప్పుడు ఫ్లాట్లో వెన్న తియ్యాలనుకునేవాళ్ళకి ప్యాకెట్ పాలే దిక్కు. టోన్డ్ పాలతో ప్రయాస పడొద్దు, లీటరులో ఉండేది 30 గ్రాముల కొవ్వే. ఫుల్ క్రీమ్‌లో 60 ఉంటుంది. హోమోజినైజ్డ్ అని రాసి ఉంటే అసలు వద్దు, అందులో కొవ్వు పైకి తేలకుండా ముందే చిదిమేసి ఉంటారు. పాలు సన్నటి సెగ మీద కాచి, ఆరాక ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంచితే మీగడ గట్టిగా లేస్తుంది. వారం పాటు తీసి ఒక డబ్బాలో వేస్తూ, రెండో రోజే అందులో చెంచాడు పెరుగు కలపాలి. తోడు లేని మీగడ ఫ్రిజ్‌లో ఉంటే చేదు తిరుగుతుంది. చిలికే ముందు రాత్రి డబ్బా బయట పెట్టి, పొద్దున్న మిక్సీలో సగానికి తక్కువ వేసి, ఐస్ నీళ్ళు పోసి, ఆపి ఆపి తిప్పాలి. మిక్సీ బ్లేడు రాపిడికి వేడి పుట్టడం క్షణాల్లో పని. జార్ గోడకి పలుకులు అంటుకోవడం కనిపించగానే ఆపెయ్యండి. ఇంకో రెండు తిప్పులు తిప్పితే పడ్డ వెన్న మళ్ళీ మీగడలా మెత్తబడిపోతుంది. అప్పుడు జార్‌ని పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి చేత్తో కలపడమే.